నాపబండ, గ్యాసుబండ, నా వంటిల్లు

ముంబయిలో పాత ఫ్లాట్ల వంటగట్టు మీద నల్లగా పరిచి ఉండే రాయి ఏమిటని అడిగితే 'కడప్పా' అంటారు. అది ఒక ఊరి పేరని వాళ్ళలో చాలామందికి పట్టదు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల గనుల్లో పొరలు పొరలుగా ఊడివచ్చే ఆ సున్నపురాయిని మేం నాపరాయి అంటాం. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాతిపొరల మీద పెద్ద గ్రంథమే రాశాడు. అంతకు ముందునుంచీ మావాళ్ళు ఆ రాతిని గోడకూ, నేలకూ, మిద్దె కప్పుకూ, పశువుల తొట్టికీ వాడుతూనే ఉన్నారు. వంటింట్లో మాత్రం అది నేల మీద పడుకొని ఉండేది. దాన్ని లేపి, కింద కాళ్ళు పెట్టి, గట్టుగా నిలబెట్టింది గ్యాసుబండ.

నేను ప్రొద్దుటూరు పక్కన ఒక హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. రాజుల వంశావళులు, యుద్ధాల తేదీలు పిల్లల చేత వల్లె వేయించాను గానీ వంటింటి చరిత్ర ఏ పాఠంలోనూ తగల్లేదు. ఇంటికి ప్లాను గీసేది ఇంజనీరు. ఆగ్నేయం ఎటో చూపేది సిద్ధాంతి. గోడ లేపేది బేల్దారి. ఈ ముగ్గురూ పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళు కారు. అయినా వంటిల్లు కుదురుగానే తయారయ్యేదంటే, వాళ్ళు పోయాక లోపల కూర్చొని దాన్ని మళ్ళీ కట్టుకునే మనిషి ఒకరుండేవాళ్ళు. ఆ మనిషికి కూలీ లేదు, పేరూ లేదు.

మా జేజి కాపురం చేసింది చౌడు మిద్దెలో. దూలాలూ దంతెలూ వేసి, వాటిమీద బండలు కప్పి, ఆపైన చౌడుమన్ను పోసి దిమ్మిస కొట్టిన కప్పు. వానలకు ముందు ప్రతి ఏడూ కొత్త చౌడు పోసుకోవాల్సిందే. వంటింటి కప్పులో, పొయ్యికి కొంచెం ఇవతలగా, అడుగు చదరంలో ఒక బొక్క వదిలేవాళ్ళు. అది గవాచి. పొగ పైకి పోయేదీ వెలుగు కిందికి దిగేదీ దాంట్లోంచే. వంటింటికి వీధివైపు కిటికీ పెట్టే అలవాటు లేదు. ఉడికే కూడు పరాయి కంట పడకూడదనేది చెప్పే కారణం. కుండల దగ్గరికి ఎవరు రావచ్చు, ఎవరు గడప అవతలే ఆగాలి అనే కులం లెక్క చెప్పని కారణం. ఆ లెక్క వాకిలి పెట్టిన తీరులోనే తెలిసిపోయేది.

గవాచిలోంచి పడే ఎండబిళ్ళ పొద్దున గోడమీద ఉండి, మెల్లగా దిగి, నేలమీద జరుగుతూ పోయేది. అది నీళ్ళ కడవ కుదురు దగ్గరికి వస్తే సంగటికి ఎసరు పెట్టల్ల అని జేజి లెక్క. చలికాలానికి గుర్తు వేరే. వాన మొదలైతే పిల్లల్లో ఎవరో ఒకరు నిచ్చెనెక్కి గవాచి మీదికి బండ జరపాలి. జరిపిన మరుక్షణం లోపల పొగ కమ్మేది. అట్లాంటి రోజుల్లో జేజి మూడు రాళ్ళు తీసుకొని పంచలోకి మారేది.

పొయ్యి జేజే వేసుకునేది. పుట్టమన్ను నానబెట్టి, జొన్నపొట్టూ పేడా కలిపి, కాలితో తొక్కి, ఒక రాత్రి మాగనిచ్చి, తెల్లారి చేతులతో గడ్డలు నిలబెట్టేది. టేపు లేదు. జాన ఉంది, బెత్త ఉంది, వేళ్ళున్నాయి. పొయ్యి నోరు జానెడు కంటే కాస్త ఎక్కువ, గడ్డల ఎత్తు బెత్తెడు మీద రెండు వేళ్ళు. ఎవరి జాన? జేజిదే. అందుకే ఇంటింటికీ పొయ్యి కొలత మారేది. మా పెద్దత్త పొడుగు మనిషి. ఆమె వేసిన పొయ్యి ముందు మా అమ్మ కూర్చుంటే చేతులు ఎగదీసి కలపాల్సి వచ్చేదట. వేరు కాపురం పెట్టిన కోడలు చేసే మొదటి పని కొత్త పొయ్యి వేసుకోవడం. ఆస్తి పంపకాల కాగితాలు ఎప్పటికో తయారయ్యేవి, పొయ్యి మాత్రం ఆ వారమే లేచేది.

నోరు అంత వెడల్పుగా పెట్టడానికి కారణం కట్టె. మా వైపు పొయ్యిలోకి దొరికేది కంది కట్టె, పత్తి కట్టె, సర్కారు కంప, పిడకలు. కంది కట్టె భగ్గున మండి బూడిదైపోతుంది, పిడికిళ్ళ కొద్దీ తోస్తూనే ఉండాలి. చెట్ల మొద్దులు దొరికే ఊళ్ళో పొయ్యి నోరు చిన్నగా ఉన్నా సరిపోతుంది, మాకు చాలదు. పొలంలో పైరు మారితే పొయ్యి నోరు మారేది. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు, మన్ను తొక్కే ఆడవాళ్ళకు మాత్రం తెలుసు.

ఇక గూళ్ళు. పాత మిద్దెలు ఇంకా మిగిలిన ఊళ్ళల్లోకి పోతే వంటింటి గోడల్లో గూళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో చూడండి. నిలబడిన మనిషికి అవి మోకాలికి పైన, నడుముకు కింద ఎక్కడో ఉంటాయి. ఇంత కిందికి ఎందుకు పెట్టారో నిలబడి చూస్తే అర్థం కాదు. పొయ్యి ముందు పీట వేసుకొని కూర్చొని చెయ్యి చాచాలి. ఉప్పుచట్టి అందుతుంది. ఇంకో చెయ్యి చాస్తే చింతపండు బాన. వెనక్కి తిరిగితే కడవ, పక్కకు జరిగితే రుబ్బురోలు. వంటింట్లో స్టవ్వు, సింకు, ఫ్రిజ్జు మధ్య నడక ఎంత తక్కువుంటే అంత మేలని 1940ల్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో త్రికోణం గీసి లెక్కలు కట్టారు. జేజికి త్రికోణం అక్కర్లేదు, ఆమె నడిస్తే గదా. వంటిల్లంతా కూర్చున్న ఒక ఒంటి చుట్టూ, చాచిన రెండు చేతుల మేరకు కట్టిన గది.

అదంతా బంగారమని నేననను. నడుము వంచి ఊదుగొట్టం ఊది ఊది జేజి కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. తెల్లారగట్ట ఆమె దగ్గు విని మేం నిద్ర లేచేవాళ్ళం. ఆ పొగ ఇంటికి మంచిదని కూడా అనేవాళ్ళు, దూలాలకు పురుగు పట్టదని. దూలాలకు పట్టలేదు నిజమే.

పొగ సంగతి చదువుకున్నవాళ్ళ కంట పడటానికి చాలా కాలం పట్టింది. 1947లో వార్ధాలోని మగన్‌వాడిలో గ్రామ పరిశ్రమల సంఘం వాళ్ళు మగన్ చుల్హా అని ఒక పొయ్యి తయారు చేశారు. ఆ తర్వాతి మాట మన హైదరాబాదుది. అక్కడి ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో ఎస్.పి. రాజు అనే ఇంజనీరు, పొగ లేని వంటిళ్ళు లక్షల ఇళ్ళకు అందాలని 1953లో ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆనకట్టలు, రోడ్లు చూసుకునే శాఖ మనిషి మట్టిపొయ్యి ముందు కూర్చొని ఆలోచించడం అప్పటికి వింతే. ఆయన పొయ్యి కూడా మట్టిదే. ఒకవైపు మంట పెడితే ఆ వేడి లోపలి దారిలో పోతూ వరసగా రెండో కుండనూ మూడో కుండనూ తగిలి, చివరికి గొట్టంలోంచి కప్పు దాటి పోతుంది. గొట్టంలో ఒక రేకు అడ్డం. దాన్ని తిప్పి గాలి ఎంత లాగాలో సరిచేసుకోవచ్చు. ఈ పొయ్యే ఆ పరిశోధనాలయం పేరుతో దేశమంతా తెలిసింది. వంటిల్లు ఇంజనీరు బుర్ర పెట్టాల్సిన విషయమే అని గట్టిగా నమ్మిన తొలి తరం వాళ్ళలో రాజు ఒకడు. మా సాంఘికశాస్త్రం పుస్తకంలో ఆయన పేరు ఒక లైను ఉన్నా బాగుండేది.

తర్వాత 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది, 2002 దాకా నడిపింది. కోట్లలో పొయ్యిలు వేశారు. వేసినవాటిలో చాలా పొయ్యిలు కొన్నాళ్ళకే మూలపడ్డాయని తర్వాత పరిశీలించినవాళ్ళు రాశారు. ఎందుకు మూలపడ్డాయో మా ఊరి వంటిళ్ళు చూస్తే తెలిసేది. పొయ్యికి రెండు కన్నాలు, రెండూ ఒకే కొలత. సంగటి కుండ పెద్దది, పప్పుచట్టి చిన్నది. పెద్దది కూర్చోదు, చిన్నది లోపలికి దిగిపోతుంది. కట్టె పెట్టే నోరు చిన్నది, కంది కట్టె పిడికెడు కూడా పట్టదు. ఆడవాళ్ళు ఊరికే ఉండలేదు. కొడవలి మొనతో నోరు చెక్కి వెడల్పు చేశారు, కన్నం అంచు కొట్టేసి మన్ను మెత్తారు. చెక్కాక పొగ గొట్టంలోకి పోవడం మాని మళ్ళీ ముఖం మీదికే వచ్చింది. చూడటానికి వచ్చిన ఉద్యోగులకు అది ఆడవాళ్ళ తెలివితక్కువతనంగా కనపడింది. నాకు మాత్రం ఒక డిజైను మీద ఇంకో డిజైను తిరగబడినట్టు కనపడింది. గొట్టం వాళ్ళు వేసినది, నోరు వీళ్ళది. రెండూ కూర్చొని మాట్లాడుకొని ఉంటే ఒకే పొయ్యి అయ్యేది.

వండనివాళ్ళు వంటిళ్ళు గీయడం మన దేశపు జబ్బు మాత్రమే కాదు. ఇప్పుడు మాడ్యులర్ కిచెన్ అని అమ్ముతున్నదానికి ముత్తవ్వ లాంటిది 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో పుట్టింది. మున్సిపాలిటీ కట్టే కార్మికుల ఇళ్ళ కోసం మార్గరెటే షూట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు గీసింది. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. రైల్లో భోజనాల పెట్టెకు ఆనుకొని ఉండే ఇరుకు వంటగదిని చూసి, అడుగులు లెక్కబెట్టి, గడియారం పెట్టి చేసిన పని. సుమారు పదివేల ఇళ్ళల్లో అది వేశారు. ఆమె చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది, ఆ వంటిల్లు గీసేనాటికి తనకు వంట అలవాటే లేదని. అయితే ఆమె ఒక మంచి పని చేసింది. కిటికీ కింద బల్ల పెట్టి, కూర్చొని తరుక్కోవడానికి తిరిగే స్టూలు ఒకటి ఇచ్చింది. అక్కడ నిలబడే ఆడమనిషిని కూర్చోబెట్టారు. మనం కూర్చున్న ఆడమనిషిని నిలబెట్టాం, స్టూలు ఇవ్వడం మర్చిపోయాం.

నిలబడటానికీ కూర్చోవడానికీ మధ్య కిరసనాయిలు కాలం ఒకటి నడిచింది. వత్తుల స్టవ్వు, పంపు స్టవ్వు, టౌన్లలో రంపపు పొట్టు పొయ్యి. ఇవన్నీ నేలమీదే. కిరసనాయిలు రేషను షాపు దయ మీద ఉండేది గనక దాన్ని నమ్మి ఎవరూ వంటిల్లు మార్చలేదు.

గ్యాసు వచ్చాకే మార్చక తప్పలేదు. 1955లో ముంబయిలో బర్మాషెల్ వాళ్ళు బర్షేన్ పేరుతో సిలిండరు అమ్మడం మొదలుపెట్టారు, 1965లో కలకత్తాలో ఇండేన్ వచ్చింది. మా ప్రొద్దుటూరు లాంటి ఊళ్ళకు అది చేరేసరికి, చేరినా కనెక్షను చేతికి వచ్చేసరికి, పేరు రాయించుకొని ఏళ్ళ తరబడి కాచుకోవాల్సి వచ్చేది. కట్నం మాటల్లో గ్యాసు కనెక్షను కూడా ఒక ఐటంగా నడిచిన రోజులు నాకు బాగా గుర్తు.

గ్యాసుతో పాటు ఒక నియమం వచ్చింది. సిలిండరు నిలువుగానే ఉండాలి, స్టవ్వు దానికంటే ఎత్తులో ఉండాలి. 14.2 కిలోల సిలిండరు రెండడుగుల పైచిలుకు ఉంటుంది, దాని తలమీద రెగ్యులేటరు. అంటే పొయ్యి ఒక్కసారిగా బెత్తెడు ఎత్తునుంచి దాదాపు మూడడుగుల ఎత్తుకు ఎగిరింది. దాన్ని మోయడానికి మా నాపబండ లేచింది. గనుల్లో రెండడుగుల వెడల్పు బండ తేలికగా దొరుకుతుంది, కాబట్టి గట్టు వెడల్పు రెండడుగులు. సిలిండరు కింద పట్టాలి, కాబట్టి ఎత్తు ముప్పైరెండు ముప్పైనాలుగు అంగుళాలు. వంటింటి కొలతల్లో వండే మనిషి లేకుండా పోయింది ఇక్కడే. ఒక కొలత గనిది, ఇంకొకటి గ్యాసుబండది.

మా ఇల్లు మేం కట్టుకున్నది 1980ల్లో. ఇంజనీరు ప్లానులో వంటగది అని రాసి ఒక చతురస్రం గీసి వదిలేశాడు, మంచిదే అయింది. పునాది రోజు ఇంటికి ముగ్గు పోసినట్టే, గోడలు లేచాక నేనూ మా అత్తా ఆ గది నేలమీద ముగ్గుపిండితో గట్టు గీసుకున్నాం. స్టవ్వు చోట రెండు ఇటుకలు, సింకు చోట ఒక బకెట్టు పెట్టుకొని, ఖాళీ చేతులతో అన్నం వండాం, పప్పు ఎనిపాం, దోసె తిప్పాం. పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూసి ఏమనుకున్నారో అడగలేదు.

ఆ నాటకంలో తేలింది ఏమంటే, గట్టు ఎత్తు కొలిచేవాళ్ళు స్టవ్వు ఎత్తు మర్చిపోతారు. గట్టు ముప్పైరెండు అంగుళాలు, దానిమీద స్టవ్వు నాలుగైదు అంగుళాలు, స్టవ్వు మీద కుక్కరు. నేను ఐదడుగుల మనిషిని. మోచెయ్యి ముప్పైఏడు అంగుళాల దగ్గర ఉంటుంది. స్టవ్వు మీద గిన్నె అడుగే మోచేతి ఎత్తుకు వచ్చేస్తే, అందులో గరిటె తిప్పడానికి భుజం లేపాలి. తరగడానికి సరిపోయే ఎత్తు వేయించడానికి సరిపోదు.

"రెండు ఎత్తులు పెడతాం," అన్నాను బేల్దారితో. "స్టవ్వు ఉండే మూడడుగులూ నాలుగంగుళాలు దించు."

"గట్టు యాడన్నా మెట్టుమాదిరి ఉంటాదా టీచరమ్మా? సూసేవాళ్ళు నన్నంటారు, నిన్ననరు."

"వండేది నేను. నువ్వు ఒక్క మజ్జిగన్నా కాచినావా?"

"మజ్జిగ కాంచరు గదమ్మా, విరిగిపోతాది," అన్నాడు. ఆ మాటతో వాడి వంట పరిజ్ఞానం మీద నాకు గౌరవం పెరిగింది. చివరికి మా అత్త వచ్చి, "నాయనా, ఆమె చెప్పినట్టు కట్టు, ఆమెకు నడుము నొప్పి వస్తే నా కొడుకు వండల్ల, వాడు వండితే మేం తినల్ల," అన్నాక దించాడు.

దించాక ఇంకో చిక్కు. ఇరవైఎనిమిది అంగుళాల గట్టు కింద సిలిండరు పట్టదు, రెగ్యులేటరు బండకు తగులుతుంది. స్టవ్వు కింద సిలిండరు అనే అందరి ఏర్పాటూ మాకు చెల్లలేదు. పక్కన ఎత్తుగా ఉన్న భాగం కింద సిలిండరు గూడు పెట్టాం. రబ్బరు ట్యూబు ఐదడుగులు దాటకూడదు గనక స్టవ్వును ఆ మెట్టు పక్కకే జరిపాం. గూడు వాకిలి అడుగున్నర. సిలిండరు అడుగు పైన కొంచెం ఉంటుంది, దాన్ని అంచుమీద దొర్లించి లోపలికి నెట్టడానికి చేతులు కూడా పట్టాలి. ట్యూబు పోవడానికి బండకు కాకుండా పక్కగోడకు కన్నం వేయించాను. బండకు కన్నం వేస్తే పాలు పొంగిన ప్రతిసారీ కిందికి కారతాయి.

ఇంకొకటి, దాన్ని చూసి ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు. మూలన నేలకు అడుగు ఎత్తులో ఒక చిన్న అరుగు, నడుమ కుదురులాగా గుంట. అది సంగటి కోసం. రాగిపిండి ఉడికాక కుండ దించి, కాళ్ళమధ్య అదిమిపట్టి, రెండు చేతులా సంగటికట్టెతో బలంగా కెలకాలి. నిలబడి గట్టుమీద కెలికితే బలం రాదు, కుండ తిరిగిపోతుంది. పాత పొయ్యి మీంచి కుండ దించాలంటే బెత్తెడు దించితే చాలు. గట్టు మీంచి నేలకు మూడడుగులు, సలసలా కాగే పిండితో. గ్యాసు వచ్చిన ఇళ్ళల్లో సంగటి తగ్గి అన్నం పెరగడానికి రెండు రూపాయల కిలో బియ్యమే కారణమంటారు. అది పెద్ద కారణమే. గట్టు ఎత్తు కూడా ఒక కారణమని నా అనుమానం, రుజువు అడిగితే నా భుజం చూపిస్తా.

పనిముట్లు కూడా ఒకటొకటిగా నేల వదిలాయి. 1959లో మన దేశంలో ప్రెషర్ కుక్కర్ల తయారీ మొదలైంది. కుక్కరుతో గంజి వార్చే పని పోయింది, వార్చడానికి వంటింటి మూలన కట్టే చిన్న తూముగట్టు పోయింది, గంజి పోసే కుడితి తొట్టి ఖాళీ అయింది. ఆ తర్వాత వచ్చిన సుమీత్ మిక్సీ మాకు చేరడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది గానీ, చేరాక రుబ్బురోలు పెరట్లోకి, పెరట్లోంచి వీధి అరుగు పక్కకి పోయింది. మిక్సీకి కావలసింది ఒక ప్లగ్గు. అందుకే ఇప్పుడు వంటిల్లు గీసేటప్పుడు కుండలు లెక్కబెట్టరు, ప్లగ్గులు లెక్కబెడతారు.

నాపబండకు ఒక గుణం ఉంది, అమ్మేవాళ్ళు చెప్పరు. సున్నపురాయి గనక పులుపు సోకితే తింటుంది. నిమ్మచెక్క పిండిన చోట, చింతపులుసు ఒలికిన చోట పాలిష్ పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. పులుసు లేని పూట లేని ఇళ్ళు మావి. ఏడాది తిరిగేసరికి మా గట్టు చూసి ఏ మూలన పులుసు కలుపుతానో ఎవరైనా చెప్పగలిగేవాళ్ళు. కొబ్బరినూనె పూసి తుడిస్తే నాలుగు రోజులు కనపడదు. ఆ బాధ పోగొట్టింది ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైటు. నల్లటి రాతిలో బంగారు చుక్కల గెలాక్సీ అని దేశదేశాలకు ఎగుమతి అయ్యే రాయి. దానికి పులుపు ఆనదు. మా జిల్లా బండ గట్టుమీంచి దిగి కింద అల్మారా పలకలకు పరిమితమైంది. నాకు కొంచెం చివుక్కుమంది, కానీ పులుసు పక్షమే నాది.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద పొదుపు సంఘాల ఆడవాళ్ళకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు పల్లెల్లో ఇంకో దృశ్యం. స్టవ్వు వచ్చింది, గట్టు లేదు. కొందరు పాత బీరువా పడుకోబెట్టి దానిమీద పెట్టారు, కొందరు నాలుగు ఇటుకవరసలు లేపి పైన బండ పరిచారు. వాటి ఎత్తుకు ఎవరూ నియమం చెప్పలేదు, కాబట్టి మళ్ళీ ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళే పెట్టుకున్నారు. మా స్కూల్లో వంట చేసే ఆయమ్మ ఇంట్లో గట్టు ఇరవైఆరు అంగుళాలు. నేను చూసిన గట్టుల్లో ఒంటికి బాగా అమరింది అదే. సిలిండరు గట్టు కింద పట్టక పక్కన నిలబెట్టింది, స్టవ్వు దానికంటే ఎత్తులో ఉండాలని మళ్ళీ స్టవ్వు కింద నాలుగు ఇటుకలు పెట్టింది. కట్టెపొయ్యి మాత్రం బయట అట్లాగే ఉంది. నీళ్ళు కాగడానికీ సంగటికీ అదే. సిలిండరు ధర పెరిగిన నెల అన్నానికీ అదే.

అమెరికాలో మా చిన్నవాడి ఇంట్లో గట్టు ముప్పైఆరు అంగుళాలు. అక్కడ అన్ని ఇళ్ళకూ అంతేనట, ఆరడుగుల వాళ్ళకూ నాకూ కలిపి. మావాడు ఒక చెక్కపలక తెచ్చి గట్టు ముందు వేశాడు, దాన్నెక్కి వండాను.

ఈ మధ్య మా చెల్లెలి కూతురు కడపలో ఇల్లు మొదలుపెట్టింది. మాడ్యులర్ వాళ్ళు వచ్చి కంప్యూటరులో బొమ్మ తిప్పి చూపించి, లక్షల్లో ఒక అంకె చెప్పిపోయారు. బొమ్మ బాగుంది. గట్టు ముప్పైనాలుగు అంగుళాలు, పిల్ల నాకంటే పొట్టి. "పెద్దమ్మా, నువ్వు రా," అని ఫోన్ చేసింది. పోయి ముగ్గుపిండి అడిగితే, వాళ్ళ ఇంట్లో స్టిక్కరు ముగ్గులే ఉన్నాయి, చాక్‌పీసు తెప్పించాం. ఆమె నిలబడి మోచెయ్యి మడిచింది, నేను టేపు పట్టుకున్నా. తరిగే గట్టుకు మోచేతికి ఐదంగుళాలు కిందికి, స్టవ్వు గట్టుకు అక్కణ్ణుంచి ఇంకో నాలుగు. ఆమె మొగుడు కూడా వండుతాడు, పొడుగు మనిషి. అందుకని సింకు వైపు మూడో ఎత్తు ఒకటి గీశాం, గిన్నెలు తోమేది అతనేనట. వంటగట్టు ఎత్తు దగ్గర మొగవాడి మోచెయ్యి లెక్కలోకి రావడం మా వంశంలో ఇదే మొదలు.

సిలిండరు గొడవ వాళ్ళకు లేదు, పైపు గ్యాసు వస్తుందని ఆశ. వచ్చేదాకా సిలిండరే గనక గూడు పెట్టమన్నాను. సంగటి అరుగు మాత్రం వద్దంది. కుండ ఎక్కడ దించుతావే అంటే, సంగటి చేయడానికి మిక్సీలాంటి మిషను వచ్చిందంట. సింకు మీద కిటికీ ఉండాలా వద్దా అనేది ఇంకా తేలలేదు. కిటికీ పెడితే తోమేటప్పుడు వెలుగుంటుందని నేను, ఎదురింటివాళ్ళు చూస్తారని అతను. రేపు బేల్దారి వచ్చేలోగా ఏదో ఒకటి అనుకోమని చెప్పి, చాక్‌పీసు గీతల మీద ఎవరూ నడవకుండా వాకిలికి కుర్చీ అడ్డం పెట్టి వచ్చాను.